మా పెద్దమ్మ కూతురు చెప్పింది

జూన్ 3

బావగారికి,

ఇక్కడ క్షేమం లేదు కాబట్టి అక్కడి క్షేమం అడగడంతో మొదలుపెట్టడం లేదు. ఫోన్ చేద్దామనుకున్నాను గాని, ఫోన్లో మీరు "ఆఁ", "ఊఁ", "మీ దయ" తప్ప నాలుగో మాట మాట్లాడరు. మీ ఆఁకీ ఊఁకీ అర్థాలు వెతుక్కునే ఓపిక ఇప్పుడు నాకు లేదు.

గత నెల పన్నెండో తారీఖు ఉదయం ఆరూ ఇరవైకి మా ఆవిడ స్నానాల గదిలో పడిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మూతి ఒక పక్కకి లాగింది. మాట వస్తుంది గాని ముద్దగా వస్తుంది. పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంచి, "ఇక ఇంటి దగ్గర మీరే చూసుకోండి" అన్నాడు డాక్టరు. నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరితో అంటున్నాడా అని. వెనక ఎవరూ లేరు.

ప్రస్తుతం ఒక ఆయా పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంటసేపు వస్తోంది. పనిమంతురాలే గాని నోరు పెద్దది. నిన్న నాతో "సారూ, ఆ కాళ్ళు కాస్త పట్టుకోండి, అమ్మని పక్కకి తిప్పుతాను" అంది. ముప్పై ఆరేళ్ళు బస్సు డిపోలో కంట్రోలరుగా చేసినవాణ్ణి. నేను చెయ్యి ఊపితే గాని బస్సు కదిలేది కాదు. నాకు పని చెబుతోంది. పేపరు చదువుతున్నానన్నాను. "పేపరు పారిపోదు సారూ" అంది.

అసలు విషయం. అబ్బాయిని అడిగితే "చూద్దాం నాన్నా" అన్నాడు. వాడికి ఆఫీసు ఉంది, వాణ్ణి కదల్చలేం. కోడలికీ ఉద్యోగం ఉంది, కాదనను. కరెంటు సబ్‌స్టేషన్‌లో మీటలు నొక్కే ఉద్యోగం. మీటలు ఎవరైనా నొక్కుతారు. అత్తగారి నోట్లో ముద్ద ఎవరు పెడతారు? ఆరు నెలలు సెలవు పెట్టి, ఇవ్వకపోతే మానేసి, పాపని తీసుకుని వచ్చెయ్యమని మీరు మీ అమ్మాయికి చెప్పాలి. ఆడపిల్లకి తండ్రి మాట గట్టిది. ఈ సంబంధం కలుపుకున్న తొమ్మిదేళ్ళలో నేను మిమ్మల్ని ఏదీ అడగలేదు.

ఇట్లు,
మీ బావ,
రిటైర్డ్ కంట్రోలర్


జూన్ 9

బావగారికి, చెల్లెమ్మగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నిన్న వచ్చింది. మూడుసార్లు చదివాను. చెల్లెమ్మగారికి బాగాలేదని అమ్మాయి చెప్పింది గాని, ఇంత అని తెలియదు. దూది బస్తా విప్పి, మళ్ళీ కట్టేశాను.

మీరు చెప్పినట్టే అమ్మాయికి చెబుతాను. వస్తుంది.

చిన్న మనవి. మంచం పొడుగూ వెడల్పూ జానలతోనైనా కొలిచి రాయండి. పరుపు పాతదా? పాతదైతే నడుం దగ్గర దూది కుంగి గుంట పడి ఉంటుంది. కదలలేని మనిషికి ఆ గుంటే శత్రువు. పరుపులు కుట్టుకునేవాణ్ణి, ఇది తప్ప నాకు వేరే తెలియదు. క్షమించాలి.

రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతూ ఉండాలి, ఆయా లేనప్పుడు కూడా.

మా కొట్టు ముందు రోడ్డు తవ్వి పోశారు. అందరూ దుమ్ము, దుమ్ము అంటున్నారు. రోజూ దూది ఏకేవాణ్ణి, నాకు తేడా తెలియడం లేదు.

విధేయుడు,
మీ బావ


జూన్ 15

బావగారికి,

"వస్తుంది" అని ఒకే ఒక్క మాట రాశారు. ఆడపిల్ల తండ్రి అంటే మీలా ఉండాలి. మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ ఏదో అంది. అర్థం కాలేదు. సంతోషించే ఉంటుంది.

ఆయాని ఇరవయ్యో తారీఖు నుంచి రావద్దన్నాను. "కోడలుగారు దిగాక పొమ్మనండి సారూ, ముందే ఎందుకు?" అంది. మా బావగారు మాటిచ్చారన్నాను. "మాటిచ్చింది ఆయన, రావాల్సింది ఆవిడ" అని గొణిగింది. బస్సు వస్తోందని తెలిశాక ప్లాట్‌ఫారం ముందే ఖాళీ చేయించడం నాకు అలవాటు. అదే చేశాను.

మంచం కొలతలు అడిగారు. నాకెందుకు తెలుస్తాయండీ? దుప్పట్లు కొనేది మా ఆవిడ. ఆవిణ్ణి అడిగితే ఎడమ చెయ్యి ఎత్తి ఏదో చూపించింది. నవ్విందో, ఏడ్చిందో. మూతి పక్కకి పోయాక ఆ రెండూ ఒకేలా ఉంటున్నాయి.

కోడలు ఏ బస్సుకి వస్తుందో రాయండి. రెండో ప్లాట్‌ఫారం దగ్గర నిలబడతాను. అక్కడి కుర్చీ నాదే ఒకప్పుడు.

ఇట్లు,
మీ బావ,
రిటైర్డ్ కంట్రోలర్


జూన్ 19

బావగారికి, చెల్లెమ్మగారికి నమస్కారాలు.

దయచేసి ఆయాని మాన్పించకండి. ఈ ఉత్తరం మీకు చేరేలోపు ఇరవై దాటిపోతుందేమోనని పోస్టాఫీసుకి వెళ్ళి ఫోన్ కలిపాను. మీరే ఎత్తారు. "ఎవరది?" అన్నారు. నాకు నోరు పెగల్లేదు. పెట్టేశాను. పొద్దున పదింటికి మాట లేకుండా పెట్టేసిన ఫోన్ నాది.

అమ్మాయికి షిఫ్టులు మార్చుకోవాలి. కొంచెం ఆలస్యం అవుతుంది.

మా ఆవిడ పోయేముందు మంచంలో ఉన్న ఆరేళ్ళూ మా పెద్దమ్మ కూతురు వచ్చి చూసుకున్న సంగతి పెళ్ళిచూపులప్పుడు మీకు చెప్పాను. ఆవిడ చెప్పినవి కొన్ని గుర్తున్నాయి, రాస్తున్నాను. ముద్ద ఎడమ బుగ్గలో పెట్టాలి. మింగేటప్పుడు గడ్డం కిందికి ఉండాలి, తల వెనక్కి వాలిస్తే పొలమారుతుంది. మింగిందా లేదా అని నోరు తెరిపించి చూడాలి, ఒక్కోసారి బుగ్గలో ఉండిపోతుంది. దుప్పటి ముడత పడకూడదు, ఆరు గంటలు దాని మీద ఉంటే ముడత ముల్లవుతుంది. కుడి భుజం పట్టుకుని లాగి లేపకూడదు. ఆ భుజం జారిపోతుంది, మనకి తెలియదు, వాళ్ళు చెప్పలేరు. మడమల కింద చిన్న దిండు పెట్టాలి.

మా పెద్దమ్మ కూతురు చెప్పింది ఇంతే.

విధేయుడు,
మీ బావ


జూన్ 27

బావగారికి,

మీ ఉత్తరం ఇరవై మూడున వచ్చింది. ఆయా ఇరవైనే వెళ్ళిపోయి వేరే ఇంట్లో చేరింది. వెళ్ళి పిలిస్తే "వాళ్ళకి మాటిచ్చాను సారూ" అంది, నా మాట నాకే వడ్డించి.

ఇరవై రెండో తారీఖు పదకొండూ పదికి మా ఆవిడ మంచం మీంచి జారింది. నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపింది. గ్లాసు కుడివైపు పెట్టాను. నేను ఎప్పుడూ కుడివైపే పెట్టుకుంటాను. లేపలేకపోయాను. పైవాటావాళ్ళని పిలిచాను. ముగ్గురు ఆడవాళ్ళు దిగొచ్చారు. వాళ్ళ వెనక ఇద్దరు మగవాళ్ళు వచ్చి జేబుల్లో చేతులు పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేనూ వాళ్ళ పక్కన నిలబడ్డాను. ఇంకెక్కడ నిలబడాలి?

"కోడలు లేదా అంకుల్?" అంది ఒకావిడ. "ఉంది, వస్తోంది" అన్నాను. "కూతుర్ని కనలేదుగా, అదీ చిక్కు" అంది రెండో ఆవిడ. "పాపం, ఆడదిక్కు లేని ఇల్లు" అంది మూడో ఆవిడ. మా ఆవిడ వింటూనే ఉంది. నలభై ఏళ్ళు ఆ ఇంటికి ఆడదిక్కు తనే.

ఎనిమిది రోజులుగా బేకరీ రొట్టె పాలల్లో ముంచి ఇద్దరం తింటున్నాం. మీ అమ్మాయి షిఫ్టులు ఎన్నాళ్ళు మారతాయి? రాకపోతే రాదని చెప్పండి. సరే, ఒక పని చేయండి. మీ పెద్దమ్మ కూతుర్ని పంపండి. ఆవిడకి ఈ పని బాగా తెలుసని మీ ఉత్తరమే చెబుతోంది. వచ్చే శనివారం లోపు పంపండి. ఆవిడ పేరూ, ఏ బస్సో రాయండి.

ఇట్లు,
మీ బావ,
రిటైర్డ్ కంట్రోలర్


జూలై 2

బావగారికి,

నాలుగు కాగితాలు చింపి ఇది రాస్తున్నాను.

మా పెద్దమ్మ కూతుర్ని పంపలేను. ఆవిడ మా ఇంటికి వచ్చింది నిజమే. రెండు రోజులుండి, నడుం నొప్పని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆరేళ్ళూ చేసింది నేను.

ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అమ్మాయికి కూడా.

అప్పుడు అమ్మాయికి పదకొండేళ్ళు. వాళ్ళమ్మ పడిపోయిన వారానికి మా బంధువులంతా వచ్చి కూర్చున్నారు. "ఆడపిల్ల ఉందిగా, ఇక బడి మాన్పించు" అన్నారు. అందరూ ఒకే మాట అన్నారు, ముందే అనుకుని వచ్చినట్టు. అమ్మాయి తలుపు పక్కన పుస్తకాల సంచీ పట్టుకుని వింటోంది. నాకు నలుగురిలో మాట రాదని మీకు తెలుసు. ఆ రోజు మాత్రం ఎలా వచ్చిందో, "మా పెద్దమ్మ కూతురు ఉండిపోతానంది" అన్నాను. అంతా లేచి వెళ్ళిపోయారు. మర్నాడే అమ్మాయిని హాస్టల్లో చేర్చాను.

ఆ అబద్ధం నిలబెట్టడానికి తలుపు వేసుకోవాల్సి వచ్చింది. ఎవరైనా వస్తే "మా అక్క లోపల స్నానం చేయిస్తోంది" అనేవాణ్ణి. దండెం మీద ఒక పాత చీర ఎప్పుడూ ఆరేసి ఉంచేవాణ్ణి, మా అక్కదని అనుకోవాలని. తెల్లారకముందే బట్టలు ఉతికేసేవాణ్ణి. అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడు "అత్త నిన్ననే వాళ్ళ ఊరెళ్ళింది" అనేవాణ్ణి. ఉత్తరాల్లో "అత్త నిన్ను అడిగినట్టు చెప్పమంది" అని రాసేవాణ్ణి. మా ఆవిడ నవ్వేది. "మీ అక్క మంచిది, ఒక్క మాట ఎదురు చెప్పదు" అనేది.

చేతులతో అన్నీ చేశాను. పుళ్ళు పడనివ్వలేదు. కాని బావగారూ, తలుపు వేసి ఉన్న ఇంటికి ఆడవాళ్ళు ఎవరు వస్తారు? ఆరేళ్ళలో ఒక్కరు వచ్చి ఆవిడ మంచం మీద కూర్చోలేదు. నాకా మాటలు రావు. ఒకరోజు "ఏదన్నా చెప్పండి, ఏదైనా సరే" అని అడిగింది. నేను ఆలోచించి, దూది రేటు పెరిగిందన్నాను.

అమ్మాయికి మీ మాట చెప్పలేదు. చెప్పను. చెబుతానని మీకు రాయడం తప్పు. ఆడపిల్ల తండ్రి కాదనకూడదని అలవాటుగా "వస్తుంది" అని రాసేశాను. చెల్లెమ్మగారు మంచం మీంచి జారడానికి కారణం నేనే. అమ్మాయి చదువుకుని ఆ ఉద్యోగం దాకా రావాలనే అప్పుడు తలుపు వేసుకున్నాను. ఇప్పుడు నేనే వెళ్ళి మానెయ్యమని ఎలా అననండీ?

గ్లాసు ఎడమవైపు పెట్టండి.

మీ బావ


జూలై 8

అయ్యా,

మీ ఉత్తరం చేరింది. నాకు మాటిచ్చి, అబద్ధం రాసి, లేని మనిషిని ఉందని నన్ను నమ్మించారు. సరే, అది మీ ఇంటి గొడవ.

అబ్బాయికి ఫోన్ చేశాను, మీ మామగారు ఇలాంటివాడని చెబుదామని. వాడు నింపాదిగా విని, "నాన్నా, నేనే వస్తాను. అమ్మని నేను చూసుకుంటాను" అన్నాడు. ఆఫీసో అన్నాను. "ఆఫీసు మూసేసి పద్నాలుగు నెలలైంది నాన్నా. తను ఉద్యోగానికి వెళ్తుంది, నేను ఇల్లు చూసుకుంటున్నాను. వంట, పాప, అన్నీ. మీరు బాధపడతారని చెప్పలేదు. మామయ్యగారికి తెలుసు" అన్నాడు.

మామయ్యగారికి తెలుసట. అక్కడ ఫోన్ పెట్టేశాను.

మళ్ళీ వాడే చేశాడు. నా కొడుకువై ఉండి నా ఇంట్లో గరిటె పట్టుకుని తిరగడం నేను చూడలేను, నా గుమ్మం తొక్కకు అన్నాను. "మరి అమ్మకి ఎవరు చేస్తారు నాన్నా?" అన్నాడు. అప్పుడూ ఫోన్ పెట్టేశాను.

నేను కొడుకుని కని ఇస్తే, మీరూ మీ అమ్మాయీ కలిసి వాణ్ణి వంటమనిషిని చేశారు. పద్నాలుగు నెలలు నన్ను వెర్రివాణ్ణి చేశారు. వాడి ఆఫీసు గురించి నేను డిపోలో పదిమందికి గొప్పగా చెప్పుకుంటూ తిరిగాను.

ఇక మన మధ్య ఉత్తరాలు వద్దు.

కంట్రోలర్


జూలై 13

బావగారికి, చెల్లెమ్మగారికి నమస్కారాలు.

ఉత్తరాలు వద్దన్నారు. ఇది పరుపుతో వచ్చిన చీటీ అనుకోండి.

పార్సిల్లో ఆరు ముక్కలు ఉంటాయి. ఒక్కొక్కటి పెద్ద దిండంత. వరసగా పేర్చి, అంచుల్లో ఉన్న తాళ్ళు ముడేస్తే ఒకటే పరుపు. నడుం కింది ముక్క తడిస్తే అదొక్కటే తీసి ఎండలో వేయొచ్చు, మనిషిని మొత్తం దించక్కర్లేదు. వెన్ను మీద ఎక్కడన్నా ఎర్రబడితే, ఆ చోటి కింది ముక్కని కాస్త జరిపి సందు వదలండి. మా ఆవిడ కోసం ఇలా కుట్టడం నేర్చుకున్నాను. తర్వాత ఎవరికీ కుట్టలేదు. అడిగితే ఎవరికోసం నేర్చుకున్నావంటారని.

బావగారూ, తొమ్మిదేళ్ళలో మీకు మొదటిసారి ఎదురు చెబుతున్నాను. మీ అబ్బాయిని ఎవరూ వంటమనిషిని చేయలేదు. పోయిన ఏడు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అల్లుడుగారు గుమ్మంలో కూర్చుని పాపకి జడ వేస్తున్నాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. వీధిలో వాళ్ళు చూస్తూ పోతున్నారు. లేచి తలుపు వేయబోయాను. "గాలి రాదు మామయ్యా, ఉండనీండి" అన్నాడు. ఆ రోజంతా నేను ఏమీ తినలేకపోయాను. సిగ్గుతో కాదు. నా ఆరేళ్ళూ గుర్తొచ్చి.

తర్వాత లోపలికొచ్చి, తడి చేతులు తుడుచుకుంటూ, "నాన్నకి తెలిస్తే తట్టుకోలేరు మామయ్యా, చెప్పకండి" అన్నాడు. "తట్టుకుంటారు, చెప్పు నాయనా" అని నేను అనాల్సింది. ఆఁ అన్నాను.

అతన్ని రానివ్వండి. లేదంటే మీరే చేయండి. మూడో దారి లేదు.

మీ బావ


ఆగస్టు 1

బావగారికి,

పరుపు వచ్చింది. తిప్పి పంపుదామని ఆరు రోజులు వసారాలోనే ఉంచాను. ఏడో రోజు పాత పరుపు తడిసి, ఎండబెట్టడానికి నేనొక్కణ్ణే లేపలేక, మీది విప్పాను. తాళ్ళు ముడేయడానికి గంట పట్టింది. మా ఆవిడ దాని మీద పడుకుని ఎడమ చేత్తో రెండుసార్లు తట్టింది. బాగుందనే అనుకుంటున్నాను.

నెల రోజులుగా నేనే చేస్తున్నాను. మీ జూన్ ఉత్తరం మంచం పక్క గోడకి అతికించాను. ముద్ద ఎడమ బుగ్గలో, గడ్డం కిందికి. అన్నం మొదటి వారం అడుగంటింది, రెండో వారం నీళ్ళయింది. ఇప్పుడు తినొచ్చు. పైవాటావాళ్ళు పలకరించినప్పుడు "కోడలు లోపల ఉంది" అన్నాను. అన్నాక మీరు గుర్తొచ్చారు.

ఇది రాయడం అందుకు కాదు. మీ ఉత్తరంలో జుట్టు గురించి లేదు. దువ్వకుండా వదిలేస్తే వెనక జుట్టంతా అట్టకట్టింది. దువ్వెన పెడితే దిగలేదు, లాగితే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఇక ఇలా కాదని, వార్తాపత్రికలు కత్తిరించే కత్తెర తెచ్చి కత్తిరించేశాను. నడుం దాకా ఉండేది. మెడ దగ్గరికి వచ్చింది. అడగలేదు. ముప్పై ఆరేళ్ళు ఏ బస్సునీ అడిగి పంపలేదు.

ఆవిడ తల తడుముకుంది. తర్వాత ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకుని గోడవైపు తిరిగింది. ఇన్నాళ్ళలో తనంతట తను పక్కకి తిరగడం అదే మొదలు. డాక్టరైతే మెచ్చుకునేవాడు. మూడు రోజులైంది, ఇటు తిరగడం లేదు. ముద్ద పెడితే తింటుంది. నన్ను చూడదు.

ఆ జుట్టు ఏం చేయాలో తెలియక పేపర్లో చుట్టి బీరువాలో ఆవిడ చీరల కింద పెట్టాను.

ఇప్పుడు నేనేం చేయాలి?

మీ బావ


ఆగస్టు 5

బావగారికి, చెల్లెమ్మగారికి నమస్కారాలు.

తప్పు నాది. జుట్టు సంగతి తెలిసే రాయలేదు. ఇంకొకరి ఇల్లాలి జుట్టు గురించి ఎలా రాస్తామని సిగ్గుపడ్డాను. కొనల దగ్గర మొదలుపెట్టి, కుదుళ్ళు చేత్తో పట్టుకుని, కొంచెం కొంచెం పైకి విప్పుకుంటూ రావాలి. ఈ ఒక్క వాక్యం జూన్లో రాసి ఉంటే ఆ జుట్టు ఉండేది. సిగ్గు మంచి గుణమని చిన్నప్పుడు బళ్ళో చెప్పారు. ఎప్పుడు వదిలేయాలో చెప్పలేదు.

చెల్లెమ్మగారితో "పెరుగుతుందిలే" అనకండి. నేను మా ఆవిడతో "తగ్గుతుందిలే" అనేవాణ్ణి. నాలుగుసార్లు విని, ఆ తర్వాత ఎక్కడ నొప్పో చెప్పడం మానేసింది. అడగకుండా చేశాను, తప్పయింది అనండి. అంతే అనండి. పేపర్లో చుట్టింది తీసి ఆవిడ చేతికివ్వండి. ఏం చేయాలో ఆవిడ చెబుతుంది.

అల్లుడుగార్ని పిలవండి. నేను పిలిస్తే రాడు. పొమ్మన్నది మీరు, రమ్మనాల్సింది మీరే.

ఇక్కడ రోడ్డు పూడ్చేశారు. మా కొట్టు ముందు మాత్రం ఒక గుంట మిగిలింది. ఎవరికి చెప్పాలో తెలియక దాటుకుని వెళ్తున్నాను.

మీ బావ


ఆగస్టు 24

బావగారికి,

మీరు చెప్పినట్టు చేశాను. తప్పయింది అన్నాను. ఎన్నేళ్ళ తర్వాత అన్నానో గుర్తులేదు, అసలు అన్నానో లేదో. జుట్టు చేతికిచ్చాను. ఆవిడ కాసేపు గుండెల మీద పెట్టుకుని, తర్వాత చెత్తబుట్ట చూపించింది. పారేసి వచ్చాను. వచ్చేసరికి ఇటు తిరిగి ఉంది.

అబ్బాయికి ఫోన్ చేశాను. "ఆరూ నలభైకి బస్సుంది" అన్నాను. వాడు "సరే నాన్నా" అన్నాడు. పాపని ఎత్తుకుని రెండో ప్లాట్‌ఫారం మీద దిగాడు.

పదిహేను రోజులైంది. ఇల్లు ఇల్లులా ఉంది. వాడు తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి వసారాలోకి తెస్తున్నాడు. పైవాటా ఆడవాళ్ళు దిగొచ్చి మా ఆవిడతో కబుర్లు చెప్పి పోతున్నారు. మొదట్లో వాణ్ణి వింతగా చూశారు, ఇప్పుడు "బాబూ, కూర కాస్త ఇటూ పెట్టు" అంటున్నారు. పాప దువ్వెన పట్టుకుని "నాయనమ్మా, నీదీ నాదీ ఒకటే క్రాపు" అంటుంది. మా ఆవిడ నవ్వుతుంది. అది నవ్వేనని ఇప్పుడు తెలుస్తోంది నాకు. కోడలు సెలవు దొరికినప్పుడల్లా వస్తోంది. వచ్చిన రోజే స్టూలెక్కి, వైరు లాగి, మంచం ఎడమపక్క చేతికందేలా ఒక మీట పెట్టింది. ఫ్యాను తనే వేసుకుంటోంది మా ఆవిడ, తనే ఆపుతోంది. పగలంతా అదే ఆట.

నేను డిపోకి వచ్చి కూర్చుంటున్నాను. ఈ ఉత్తరం అక్కడి బెంచీ మీదే రాస్తున్నాను. కొత్త కంట్రోలరు నన్నెరగడు. నిన్న "ఏ బస్సు కోసం తాతా?" అన్నాడు. ఏదో ఒక ఊరి పేరు చెప్పాను.

ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అనరు. కాని నేను లోపలికి అడుగు పెడితే మాటలు ఆగిపోతాయి. టీ తెచ్చి చేతికిస్తారు. అందరికీ పని ఉంది, పాపకి కూడా. మొన్న గ్లాసులు కడగబోతే "మీకెందుకు నాన్నా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ "మీకెందుకు" నేను నేర్పిందే. నెల రోజులు ఒక్కణ్ణే అంతా చేశానంటే వాడు నమ్మాడో లేదో. అన్నం అడుగంటినా ఆ నెల ఆవిడకి నేను అక్కరకొచ్చాను.

ఒక్కటి మిగిలింది. కుడి చెయ్యి పిడికిలి బిగుసుకుపోయి ఉంటుంది. గోళ్ళు అరచేతిలో దిగుతున్నాయి. వాడికి అది ఇంకా రాలేదు, తెరవబోతే ఆవిడ మూలుగుతుంది, వాడు భయపడి వదిలేస్తున్నాడు. అది నేను చేస్తానన్నాను. ఎలాగో వాణ్ణి అడగలేను. మీరు రాయండి. ఇక్కడే కూర్చుని చదువుకుని వెళ్తాను.

మీ బావ


ఆగస్టు 29

బావగారికి, చెల్లెమ్మగారికి నమస్కారాలు.

ముందు గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో ఆ చెయ్యి పెట్టి కాసేపు ఉంచండి. తుడిచి, మీ ఒళ్ళో పెట్టుకోండి. వేళ్ళు పట్టుకుని లాగొద్దు. మణికట్టుని మెల్లగా లోపలికి వంచండి, వేళ్ళు వాటంతటవే వదులవుతాయి. మొదట బొటనవేలు తీయండి. అది వస్తే మిగిలినవి వస్తాయి. గోళ్ళు అడ్డంగా కత్తిరించండి, మూలల్లోకి పోవద్దు. అయ్యాక అరచేతిలో మెత్తటి గుడ్డ చుట్టి పెట్టండి, మళ్ళీ దిగకుండా. తొందరపడితే పిడికిలి బిగుస్తుంది. తొందర లేదని చేతికి తెలియాలి.

చెప్పాల్సింది ఇంతే. ఇంకొకటి రాయనా వద్దా అని రెండు రోజులు ఈ కాగితం ఇలాగే ఉంచాను.

నేను మా ఆవిడ చెయ్యి ఊరికే ఎప్పుడూ పట్టుకోలేదు. ఊరికే పట్టుకోవడం మాకు అలవాటు లేదు. ఏం చేస్తున్నావంటే చెప్పడానికి ఒక పని ఉండాలి. గోళ్ళు తీయడానికి వారానికి ఒకసారి చాలు. నేను రెండు రోజులకోసారి తీసేవాణ్ణి. "ఏముందని తీస్తారు, మొన్నేగా తీశారు?" అనేది. పెరిగాయి అనేవాణ్ణి. ఆవిడ చెయ్యి ఇచ్చేది.

మీ బావ